నెత్తురుకు దారి వేసిన వైద్యుడు

పలాసలోనైనా, హైదరాబాదులోనైనా, ఏ డయాలసిస్ కేంద్రంలోకి వెళ్లినా మంచాల మీద ఉన్నవారి చేతులు గమనించండి. మణికట్టుకూ మోచేతికీ మధ్య ఒక రక్తనాళం వేలు మందాన ఉబ్బి కనిపిస్తుంది. దానిమీద చెయ్యి ఆనిస్తే లోపల ఝుమ్మని అదురుతూ ఉంటుంది. దానినే ఫిస్టులా అంటారు. ధమనినీ సిరనూ చిన్న ఆపరేషనుతో కలిపి చేసిన ఏర్పాటు అది. ఆ చేత్తో వాళ్లు బరువులెత్తరు. ఆ చేతికి బీపీ పట్టీ కట్టనివ్వరు. రాత్రి ఆ చేతిమీద ఒరిగి పడుకోరు. పక్కనున్న యంత్రం లక్షలు పోసి కొన్నదైనా సరే, ఆ చేతిలోని దారి మూసుకుపోయిన రోజు అది ఎందుకూ కొరగాదు.

మూత్రపిండాలు పూర్తిగా పాడైన మనిషిని ఏళ్ల తరబడి బతికించవచ్చునని లోకానికి తెలిసింది 1960లో. అప్పటికి కృత్రిమ మూత్రపిండం తయారై సుమారు పదిహేడేళ్లయింది. యంత్రం ఉంది, దాన్ని నడిపే శాస్త్రం ఉంది. లేనిదల్లా నెత్తురు మళ్లీ మళ్లీ బయటికి వచ్చి, శుభ్రపడి, లోపలికి వెళ్లే దారి ఒక్కటే. ఆ దారి వేసినవాడు అమెరికాలోని సియాటిల్ నగరంలో పనిచేసిన డాక్టర్ బెల్డింగ్ స్క్రిబ్నర్. ఆయన వైద్య జీవితాన్ని చదువుతూ పోతే ఆ గొట్టం తయారుచేయడం మొదటి అధ్యాయం మాత్రమేనని తెలుస్తుంది. ఒక చిక్కు విప్పితే దాని వెనకాల మరొకటి బయటపడింది. వాటిలో కొన్ని వైద్యానివి, కొన్ని డబ్బువి, కొన్ని ధర్మానివి. వాటిలో దేన్నీ ఆయన ఇది నా పని కాదని పక్కన పెట్టలేదు. ఆయన గొప్పతనం నాకు అక్కడే కనిపిస్తుంది.

ముందు మూత్రపిండాల సంగతి కొంచెం. మన రెండు మూత్రపిండాలలోకి నిమిషానికి లీటరుకు పైగా నెత్తురు వెళుతుంది. గుండె పంపే మొత్తంలో అది దాదాపు అయిదో వంతు. ఒక్కో మూత్రపిండంలో సుమారు పది లక్షల నెఫ్రాన్లు ఉంటాయి. అవి రోజుకు 180 లీటర్ల ద్రవాన్ని వడగట్టి, అందులో ఒకటిన్నర, రెండు లీటర్లు తప్ప మిగతాదంతా తిరిగి ఒంటికే అప్పగిస్తాయి. ఎంత ఉప్పు ఉంచాలి, ఎంత పొటాషియం పంపాలి, ఆమ్లం ఎంత తగ్గించాలి అన్నది అవి క్షణక్షణం సరిచూసుకుంటూనే ఉంటాయి. ఈ పని ఆగిపోతే ఒంట్లో నీరు చేరుతుంది, యూరియా పేరుకుంటుంది, వాంతులూ మగతా మొదలవుతాయి. పొటాషియం ఒక హద్దు దాటితే గుండె ఆగిపోతుంది.

డయాలసిస్ సూత్రం తేలికైనదే. సన్నటి పొరకు ఒక పక్క నెత్తురు, మరో పక్క తగుపాళ్లలో లవణాలు కలిపిన నీరు పారుతుంటాయి. పొర జల్లెడలాంటిది. యూరియా, పొటాషియం లాంటి చిన్న అణువులు ఎక్కువున్న వైపు నుంచి తక్కువున్న వైపుకు దాటిపోతాయి. రక్తకణాలూ పెద్ద ప్రొటీన్లూ దాటలేక నెత్తురులోనే మిగులుతాయి. హాలండులోని కాంపెన్ పట్టణంలో విల్లెం కోల్ఫ్ అనే యువ వైద్యుడు 1943లో, నాజీల ఆక్రమణ నడుస్తుండగానే, సాసేజీల తయారీలో వాడే సెల్లోఫేన్ గొట్టాన్ని ఒక పెద్ద పీపాకు చుట్టి, ఆ పీపాను తొట్టిలో తిప్పుతూ దీన్ని చేసి చూపించాడు.

ఆయన దగ్గరికి మొదట వచ్చినవారిలో 29 ఏళ్ల యువతి ఉంది. ఆమె మూత్రపిండాలు కోలుకునే స్థితిలో లేవు. కోల్ఫ్ ఆమెకు పన్నెండుసార్లు డయాలసిస్ చేశాడు, చేసినప్పుడల్లా కొంత తేరుకుంది. కానీ ప్రతిసారీ కొత్తగా ఒక రక్తనాళాన్ని కోసి గొట్టం పెట్టాలి. పని అయ్యాక ఆ నాళం మళ్లీ అక్కరకు రాదు. పన్నెండో సారికి కోయడానికి అనువైన చోటు మిగల్లేదు. యంత్రం పనిచేస్తూ ఉండగానే, దారి లేక ఆమె చనిపోయింది.

ఆ అనుభవం తర్వాత వైద్యలోకం ఒక నిర్ణయానికి వచ్చేసింది. మూత్రపిండాలు తాత్కాలికంగా దెబ్బతిన్నవారికి, అంటే ప్రమాదంలో నలిగిపోయినవారికి, కాన్పులో నెత్తురు కోల్పోయినవారికి, మందు వికటించినవారికి నాలుగైదుసార్లు డయాలసిస్ చేసి గండం గట్టెక్కించవచ్చు. ఈలోగా వాళ్ల మూత్రపిండాలు కోలుకుంటాయి. శాశ్వతంగా పాడైనవారికి మాత్రం ఈ వైద్యం లేదు. 1950లంతటా పెద్ద ఆసుపత్రులలో ఇదే నియమం. తాత్కాలికమో శాశ్వతమో ముందే తేల్చుకుని, శాశ్వతమైతే యంత్రం జోలికి పోకుండా ఇంటికి పంపించేవారు.

స్క్రిబ్నర్ 1921లో షికాగోలో పుట్టాడు. 1945లో స్టాన్‌ఫర్డ్‌లో వైద్య పట్టా తీసుకుని, మేయో క్లినిక్‌లో పై శిక్షణ పొందాడు. 1951లో సియాటిల్ చేరి వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఉద్యోగంలో కుదురుకున్నాడు. 1958 నుంచి 1982 వరకు అక్కడి మూత్రపిండ వ్యాధుల విభాగానికి ఆయనే అధిపతి. తొలినాళ్లలో ఆయన దృష్టి అంతా ఒంట్లోని నీరు, లవణాల లెక్క మీద ఉండేది. రోగికి ఎంత నీరు ఎక్కించాలి, ఎంత ఉప్పు ఇవ్వాలి అన్నది ప్రయోగశాల నుంచి కాగితం వచ్చేదాకా ఆగకుండా, మంచం పక్కనే చిన్న పరీక్షలతో తేల్చుకోవడం ఆయన విద్యార్థులకు నేర్పేవాడు. అప్పటి వైద్యులు చాలామంది దీన్ని చిల్లర పనిగా చూసేవారు. తర్వాత ఆయన సాధించినదాని వెనుక ఈ లెక్కల క్రమశిక్షణ ఉంది. ఉప్పు గురించి ఆయన జీవితాంతం మాట్లాడుతూనే ఉన్నాడు.

1960 తొలి రోజులలో స్పోకేన్ నుంచి ఒక రోగి అపస్మారకంలో వచ్చాడు. జబ్బు తాత్కాలికమైనదే అనుకుని డయాలసిస్ మొదలుపెట్టారు. అతను కళ్లు తెరిచాడు, లేచి కూర్చున్నాడు, మాట్లాడాడు. ఇంటివాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. అంతలో పరీక్షల ఫలితం వచ్చింది. మూత్రపిండాలు ఇక ఎన్నటికీ పనిచేయవు. మంచంలో కూర్చుని మాట్లాడుతున్న మనిషికి వైద్యం ఆపేసి, ఇంటికి తీసుకుపొమ్మని భార్యకు చెప్పవలసిన బాధ్యత స్క్రిబ్నర్ మీద పడింది. చెప్పాడు, వాళ్లు తీసుకువెళ్లారు, అతను చనిపోయాడు.

అంతకుముందు ఇలాంటి వార్త చాలామంది వైద్యులు చాలామందికి చెప్పి ఉంటారు. స్క్రిబ్నర్‌కు మాత్రం అది నిద్ర పట్టనివ్వలేదు. కొన్ని వారాల తర్వాత ఒక రాత్రి మెలకువ వచ్చి, మనసులో తోచిన ఉపాయాన్ని కాగితం మీద రాసిపెట్టుకున్నాడు. ముంజేతిలో ధమనిలో ఒక గొట్టం, సిరలో ఒక గొట్టం శాశ్వతంగా ఉంచేయాలి. డయాలసిస్ లేని సమయంలో ఆ రెండు కొసలనూ చర్మం బయట ఆంగ్ల అక్షరం 'యు' ఆకారంలో వంచిన మరో గొట్టంతో కలిపేయాలి. ధమనిలోంచి నెత్తురు ఆ వంపు గుండా సిరలోకి నిరంతరం పారుతూ ఉంటుంది. పారుతున్నంత కాలం గడ్డకట్టే అవకాశం తక్కువ. డయాలసిస్ చేయవలసినప్పుడు వంపు గొట్టం తీసి, రెండు కొసలనూ యంత్రానికి తగిలిస్తే చాలు. కత్తితో పనిలేదు.

ఉపాయం కాగితం మీద ఉంది. పరాయి వస్తువు తగిలితే గడ్డకట్టడం నెత్తురు స్వభావం. అందుకని గొట్టాన్ని దేనితో చేయాలన్నది ప్రశ్న అయింది. టెఫ్లాన్ అనే ప్లాస్టిక్ అప్పుడప్పుడే శస్త్రవైద్యుల చేతికి వస్తోంది. దానికి ఏదీ అంత తేలికగా అంటుకోదు. విశ్వవిద్యాలయంలో వైద్య పరికరాలు చేసే శాల ఒకటి ఉండేది. దాని బాధ్యతలు చూసే ఇంజనీరు వేన్ క్వింటన్ టెఫ్లాన్ గొట్టాన్ని వేడిచేసి, కావలసిన వంపుకు తేవడం ఎలాగో కనిపెట్టాడు. గుండె పరీక్షలకు వాడే ట్రెడ్‌మిల్‌ను రూపొందించినవాడు కూడా ఇతనే. పిల్లల శస్త్రవైద్యుడు డేవిడ్ డిల్లార్డ్ దాన్ని రక్తనాళాలలో అమర్చే పద్ధతి చూశాడు. వైద్యుడు, ఇంజనీరు, సర్జన్ ఒకే ఆవరణలో నడిచి కలుసుకునేంత దగ్గరలో ఉండడం వల్ల ఆలోచన పుట్టిన కొద్ది వారాలకే వస్తువు తయారైంది.

1960 మార్చి 9. విమానాలు తయారుచేసే బోయింగ్ కంపెనీలో యంత్రపు పనివాడు క్లైడ్ షీల్డ్స్, వయసు 39. తిన్నది నిలవక, లేచి నడవలేక మరణం అంచున ఉన్నాడు. ఆయన చేతిలో ఆ గొట్టాల ఏర్పాటును, అంటే షంటును, అమర్చారు. షీల్డ్స్ 1971 వరకు బతికాడు. పదకొండేళ్లు. చివరికి గుండెపోటుతో పోయాడు. రెండు వారాలు గడవకముందే, మార్చి 23న, చెప్పుల దుకాణంలో పనిచేసే 23 ఏళ్ల హార్వీ జెంట్రీకి రెండో షంటు పెట్టారు.

షీల్డ్స్ బతికి ఉండడమే వైద్యానికి కొత్త పాఠశాల అయింది. ఆ పదకొండేళ్లను స్క్రిబ్నర్ జీవితంలోని అన్ని ఘట్టాలకంటే ముఖ్యమైనవిగా నేను భావిస్తాను. అప్పటిదాకా మూత్రపిండాలు లేకుండా ఇంతకాలం బతికిన మనిషి లేడు. కనుక అలా బతికితే ఒంట్లో ఏమేం జరుగుతుందో ఏ పుస్తకంలోనూ రాసి లేదు. షీల్డ్స్‌కు రక్తపోటు విపరీతంగా ఉండేది. డయాలసిస్‌లో అదనపు నీటిని లాగేస్తూ, తిండిలో ఉప్పు బాగా తగ్గిస్తే అది అదుపులోకి వచ్చింది. మూత్రపిండ రోగుల రక్తపోటులో ఎక్కువ భాగం ఒంట్లో నిలిచిపోయిన ఉప్పూ నీరే అన్న సంగతి ఇలా కళ్లముందు రుజువైంది. కొంతకాలానికి కాళ్లలో తిమ్మిర్లు పుట్టి, నరాల బలం తగ్గసాగింది. డయాలసిస్ సమయం పెంచితే నయమైంది. కీళ్ల చుట్టూ కాల్షియం పేరుకుంది. ఎముకలు, రక్తహీనత, నరాలు అంటూ ఇవాళ నెఫ్రాలజిస్టు నెలనెలా చూసే సమస్యలలో చాలావాటిని మొదట చూపించినవి ఆ తొలి రోగుల శరీరాలే. వాళ్లు వైద్యం పుచ్చుకోవడంతో పాటు తమ ఒంటితో వైద్యానికి తిరిగి ఇచ్చారు కూడా.

షంటు అంత మన్నికైనదేమీ కాదు. కొన్ని నెలలకు గడ్డకట్టేది, చీము పట్టేది, వేరే చోటికి మార్చవలసి వచ్చేది. 1962లో దానికి మెత్తటి సిలికాన్ రబ్బరు జోడించాక రోగికి చేయి కదపడం సుఖమైంది. 1966లో న్యూయార్కులో చిమినో, బ్రెషియా అనే వైద్యులు తమ సహచరులతో కలిసి, బయట గొట్టం అక్కర్లేకుండా చర్మం కిందే ధమనినీ సిరనూ కలిపే ఫిస్టులా పద్ధతి తెచ్చారు. ధమని ఒత్తిడికి సిర ఉబ్బి గట్టిపడుతుంది, సూదులు గుచ్చడానికి అనువవుతుంది. నేడు మన కేంద్రాలలో చూసేది ఇదే. షంటు క్రమంగా మూలపడింది.

ఇక రెండో చిక్కు. బతికించే దారి దొరికింది కనుక బతకాలనుకునేవారు వచ్చారు. విశ్వవిద్యాలయం ఆసుపత్రి కొద్దిమందిని తీసుకుని, ఇక మా వల్ల కాదంది. ఒక్కొక్కరికి ఏడాదికి పది వేల డాలర్లకు పైగా ఖర్చు, అదీ బతికినంత కాలం. బీమా కంపెనీలు ఇది ప్రయోగం, వైద్యం కాదన్నాయి. స్క్రిబ్నర్ స్థానిక వైద్యుల సంఘాన్ని ఒప్పించి, దాతృత్వ సంస్థ నుంచి సొమ్ము సంపాదించి, 1962 జనవరిలో సియాటిల్ కృత్రిమ మూత్రపిండ కేంద్రాన్ని తెరిపించాడు. స్వీడిష్ ఆసుపత్రి నర్సుల వసతిగృహం నేలమాళిగలో మూడు పడకలు. ఆసుపత్రికి బయట నడిచిన తొలి డయాలసిస్ కేంద్రం అదే.

మూడు పడకలకు ఎవరిని ఎంచుకోవాలి? ముందు వైద్యుల బృందం ఒంటి పరిస్థితిని బట్టి వడపోసేది. పిల్లలనూ, నలభై అయిదు దాటినవారినీ తీసుకునేవారు కాదు. అయినా అర్హులు పడకలకంటే ఎక్కువే మిగిలేవారు. అప్పుడు పేరు బయటపెట్టని ఏడుగురు పౌరుల సంఘం కూర్చునేది. ఒక లాయరు, ఒక మతాచార్యుడు, ఒక బ్యాంకరు, ఒక గృహిణి, ఒక ప్రభుత్వాధికారి, ఒక కార్మిక నాయకుడు, ఒక సర్జన్. పెళ్లయిందా, పిల్లలెందరు, ఆదాయమెంత, చదువేమిటి, చేసే పనేమిటి, మనసు నిబ్బరమెంత, ఊరికి ఇంతవరకు చేసినదేమిటి, ముందు చేయగలిగినదేమిటి అని తూచి చూసేది. ఎంపికైనవారు బతికేవారు, కానివారు చనిపోయేవారు.

1962 నవంబరులో లైఫ్ పత్రికలో షానా అలెగ్జాండర్ ఈ సంఘం గురించి సుదీర్ఘంగా రాసింది. దేశమంతా ఉలిక్కిపడింది. మధ్యతరగతి ఇంటివాళ్లు తమలాంటివారినే ఎంచుకుంటున్నారని, సమాజం గీసిన గీతకు అటుపక్క నిలిచే స్వతంత్రుడికి ఆ ఊళ్లో మూత్రపిండాలు పాడైతే దిక్కు లేదని తర్వాత న్యాయశాస్త్ర పత్రికలు ఘాటుగా విమర్శించాయి. ఆ విమర్శ న్యాయమైనదే. ఒక మనిషి ప్రాణం విలువను అతని ఆదాయంతోనూ, గుడికి వెళ్లే అలవాటుతోనూ కొలవడం తప్పు. అయితే అప్పటిదాకా ఈ ఎంపిక ఎక్కడా జరగలేదా అంటే, అన్నిచోట్లా జరిగేది. ఆసుపత్రి గదిలో ఒక్క వైద్యుడి మనసులో, ఎవరికీ జవాబు చెప్పనక్కరలేకుండా జరిగేది. సియాటిల్ దాన్ని బల్ల మీద పెట్టింది కాబట్టే దాన్ని తప్పుపట్టడం సాధ్యమైంది. వైద్యనీతి ఒక ప్రత్యేక అధ్యయనంగా ఎదగడానికి ఆ ఏడుగురి సంఘం చుట్టూ రేగిన చర్చ ఒక మూలమని ఆ రంగంవారే చెబుతారు.

స్క్రిబ్నర్ తాను తప్పించుకోలేదు. 1964లో కృత్రిమ అవయవాల పరిశోధకుల సంఘానికి అధ్యక్షుడిగా మాట్లాడుతూ, గొట్టాల గురించో పొరల గురించో కాకుండా ఈ ధర్మసంకటం గురించే ప్రసంగించాడు. ఎవరికి వైద్యం ఇవ్వాలి అన్న ప్రశ్నతో పాటు, రోగి తనంతట తాను డయాలసిస్ ఆపేయమని కోరితే వైద్యుడు ఏం చేయాలి అన్న ప్రశ్ననూ అక్కడ లేవనెత్తాడు. యంత్రాలతో ప్రాణం నిలబెట్టే ఐసీయూలు ఊరూరా వెలిసిన ఈ రోజులలో ఆ రెండో ప్రశ్న ప్రతి కుటుంబానికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతోంది.

అదే ఏడాది మరో సంగతి. బడిలో చదువుకుంటున్న ఒక అమ్మాయికి లూపస్ జబ్బు వల్ల మూత్రపిండాలు పాడయ్యాయి. వయసు చాలదని సంఘం కాదంది. విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు ఆచార్యుడు లెస్ బాబ్ అప్పటికే స్క్రిబ్నర్ కోసం ఒకేసారి చాలామందికి ద్రవం సరఫరా చేసే పెద్ద యంత్రం తయారుచేసి ఉన్నాడు. ఈ అమ్మాయి కోసం దాన్నే కుదించి, ఒక్క మనిషికి సరిపోయేలా, ఇంట్లో పెట్టుకోగలిగేలా చేయడానికి పూనుకున్నాడు. నాలుగు నెలలలో యంత్రం సిద్ధమైంది. గాఢద్రావణాన్ని శుద్ధిచేసిన నీటితో 1:34 పాళ్లలో తానే కలుపుకుంటుంది. పాళ్లు తప్పినా, వేడి పెరిగినా, నెత్తురు కారినా గంట మోగించి ఆగిపోతుంది. తల్లి దాన్ని నడపడం నేర్చుకుంది. రాత్రి కూతురు నిద్రపోతుండగా డయాలసిస్ సాగేది. ఆ అమ్మాయి హైస్కూలు చదువు పూర్తిచేసింది. ఈనాటి డయాలసిస్ యంత్రాలన్నీ ఆ ఇంటి యంత్రం వంశంలోనివే. ఎంపిక సంఘం కాదన్నదాన్ని సాధ్యం చేయడానికి పట్టిన పట్టు వల్ల పుట్టిన యంత్రం, చివరికి ఆ సంఘం అవసరాన్నే తగ్గించిందని గమనించాలి. ఇంట్లో చేసుకుంటే ఖర్చు బాగా తగ్గేది, ఎక్కువమందికి చోటు దొరికేది.

ఆ సియాటిల్ బృందంలో తయారైనవారి పేర్లు ఆసుపత్రులలో పనిచేసేవారికి రోజూ వినబడేవే. పొట్ట ద్వారా చేసే డయాలసిస్‌కు, అంటే సీఏపీడీకి వాడే గొట్టం హెన్రీ టెంకాఫ్‌ది. నోటితో తినలేని రోగికి నెత్తురులోకే పోషకాలు అందించే బ్రోవియాక్ గొట్టం, దాని తర్వాత వచ్చిన హిక్‌మన్ గొట్టం కూడా అక్కడివారివే. క్యాన్సరు వార్డులలో హిక్‌మన్ పేరు తెలియని నర్సు ఉండదు. పేగు పనిచేయని మనిషికి ఇంటివద్దే పోషణ అందించే 'కృత్రిమ పేగు' ఆలోచన వెనుకా స్క్రిబ్నర్ ఉన్నాడు. ఇవన్నీ ఒకే ప్రశ్నకు వేర్వేరు జవాబులు: ఒంటి లోపలికి పదేపదే, ప్రమాదం లేకుండా వెళ్లి రావడం ఎలా?

డబ్బు చిక్కు తీరడానికి పన్నెండేళ్లు పట్టింది. 1971 నవంబరులో షెప్ గ్లేజర్ అనే రోగి వాషింగ్టన్ నగరంలో చట్టసభ సంఘం ఎదుట కూర్చుని, అక్కడికక్కడే కాసేపు డయాలసిస్ చేయించుకుని చూపించాడు. 1972 అక్టోబరు 30న అధ్యక్షుడు నిక్సన్ సంతకం చేసిన చట్టంతో, మూత్రపిండాలు పూర్తిగా చెడిపోయినవారి వైద్యఖర్చును వయసుతో నిమిత్తం లేకుండా మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా భరించడం మొదలైంది. అమెరికాలో ఒక్క జబ్బుకు ప్రత్యేకంగా అంత భరోసా దొరకడం అదే మొదలు. అప్పటికి దేశం మొత్తం మీద పది వేల మంది డయాలసిస్ మీద ఉన్నారు. నేడు అయిదు లక్షలకు పైనే.

మన దగ్గర ఆ భరోసా వేరే రూపాలలో, ఆలస్యంగా వచ్చింది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ డయాలసిస్‌ను తన కిందికి తెచ్చుకుంది. 2016లో కేంద్రం జిల్లా ఆసుపత్రులలో ఉచిత డయాలసిస్ కోసం జాతీయ కార్యక్రమం ప్రారంభించింది. ఆంధ్రప్రదేశ్‌లో డయాలసిస్ మీద ఉన్నవారికి నెలకు పది వేల రూపాయల పింఛను ఇస్తున్నారు. మూత్రపిండాల జబ్బు విపరీతంగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల ఊళ్లలో ఒక్కో ఇంట్లో ఇద్దరేసి రోగులున్న కుటుంబాలకు ఆ సొమ్ము ఎంత అవసరమో అక్కడివారికే తెలుసు. అక్కడి జబ్బుకు మూలకారణం ఇంకా ఖరారు కాలేదు. పలాసలో పరిశోధన కేంద్రంతో పాటు రెండు వందల పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమైంది.

స్క్రిబ్నర్ కోరుకున్న చట్టం వచ్చింది. దాని వెంట ఆయన కోరుకోనివి కూడా వచ్చాయి. చట్టానికి ముందు అమెరికాలో డయాలసిస్ చేయించుకునేవారిలో ఇంచుమించు నలభై శాతం ఇంట్లోనే చేసుకునేవారు. ప్రభుత్వం సొమ్ము చెల్లించడం మొదలయ్యాక కేంద్రాలు విపరీతంగా పెరిగాయి, లాభం కోసం నడిచే కంపెనీలు వచ్చాయి, ఇంటి డయాలసిస్ క్షీణించింది. మెరుగైన పొరలు వచ్చాయి కనుక తక్కువ సేపట్లో ఎక్కువ యూరియా తీసేయవచ్చునంటూ, ఒక్కో విడత సమయాన్ని కుదించడం మొదలుపెట్టారు. ఎనిమిది గంటలు ఆరయ్యాయి, ఆరు నాలుగయ్యాయి, కొన్నిచోట్ల మూడున్నరకు కూడా దిగాయి. స్క్రిబ్నర్ దీనితో చివరిదాకా పోరాడాడు.

ఆయన వాదన శాస్త్రీయమైనది. యూరియా చాలా చిన్న అణువు, పొర గుండా సులువుగా దాటుతుంది. అది తగ్గినంత మాత్రాన నెత్తురు శుభ్రపడినట్టు కాదు. దానికంటే పెద్ద 'మధ్యస్థ అణువులు' నెమ్మదిగా దాటుతాయి. వాటికి కావలసింది వేగం కాదు, సమయం. బాబ్‌తో కలిసి ఆయన 1970ల మొదట్లోనే ఈ సంగతి చెప్పాడు. ఆ తర్వాత బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్ లాంటి పదార్థాలు పేరుకుని కీళ్లను పాడుచేయడం వైద్యులు కళ్లారా చూశారు. రెండోది నీరు. రెండు రోజులలో ఒంట్లో చేరిన రెండు మూడు లీటర్ల నీటిని నాలుగు గంటలలో లాగేస్తే బీపీ పడిపోతుంది, కండరాలు పట్టేస్తాయి, గుండె మీద భారం పడుతుంది. రోగి ఆ రోజంతా లేవలేడు. ఎనిమిది గంటల మీద మెల్లగా లాగితే ఒంటికి తెలియదు. ఫ్రాన్స్‌లోని తస్సాఁ కేంద్రం ఎనిమిది గంటల పద్ధతిని విడిచిపెట్టలేదు. తక్కువ ఉప్పుతో పాటు ఆ పద్ధతిని పాటించిన అక్కడి రోగులలో చాలామందికి బీపీ మాత్రలే అవసరం రాలేదు. అరవైలలో షీల్డ్స్ శరీరం చెప్పినదే అది.

2002లో వైద్యరంగంలో అమెరికాలో ఇచ్చే అత్యున్నత గౌరవాలలో ఒకటైన లాస్కర్ పురస్కారం కోల్ఫ్‌కూ స్క్రిబ్నర్‌కూ కలిపి వచ్చింది. యంత్రం చేసినవాడికీ, దానికి దారి వేసినవాడికీ ఒకే వేదిక మీద. మరుసటి ఏడాదే, 2003 జూన్ 19న, 82 ఏళ్ల వయసులో స్క్రిబ్నర్ మరణించాడు. ఆయన ఏళ్ల తరబడి సియాటిల్‌లో నీటి మీద తేలే ఇంట్లో నివసించాడు, చిన్న పడవలో తెడ్డు వేసుకుంటూ ఆసుపత్రికి వెళ్లేవాడు.

పురస్కారం వచ్చిన ఆ 2002లోనే, కెనడాలోని వైద్యుడు దిమిత్రియోస్ ఒరియోపౌలోస్‌తో కలిసి ఆయన ఒక చిన్న లెక్క ప్రతిపాదించాడు. డయాలసిస్ చాలినంత జరుగుతోందా అని చూడటానికి యూరియా పరీక్ష ఒక్కటే సరిపోదు. ఒక్కో విడత ఎన్ని గంటలో, దాన్ని వారానికి ఎన్ని విడతలో ఆ సంఖ్య వర్గంతో గుణించాలి. విడతల సంఖ్యకే వర్గం ఎందుకంటే, రెండు విడతల మధ్య ఎడం పెరిగేకొద్దీ ఒంట్లో నీరూ మలినాలూ పైకెక్కి ఒక్కసారిగా కిందికి పడతాయి. ఆ ఎగుడుదిగుళ్లే గుండెను దెబ్బతీస్తాయి. వారంలో రెండు రోజుల ఎడం వచ్చిన మర్నాడే డయాలసిస్ రోగులలో మరణాలు ఎక్కువని తర్వాతి అధ్యయనాలు చూపించాయి.

లెక్క వేసి చూద్దాం. వారానికి మూడుసార్లు ఎనిమిదేసి గంటలైతే 72. రోజూ రెండు గంటల చొప్పున వారానికి ఆరు రోజులు చేసుకున్నా 72 వస్తుంది. డెబ్బై దాటితే మంచి డయాలసిస్ అని వాళ్ల అభిప్రాయం. ప్రపంచమంతటా మామూలుగా జరిగే మూడుసార్లు నాలుగు గంటలు అయితే 36. మన ఊళ్లలో బస్సు చార్జీలకూ, కూలి పోవడానికీ భయపడి, లేక కేంద్రంలో ఖాళీ లేక, వారానికి రెండుసార్లు నాలుగు గంటలతో సరిపెట్టుకుంటున్నవారు చాలామంది ఉన్నారు. వాళ్ల లెక్క 16. ఆరోగ్య పథకాలు ఇంతమందికి ఇన్ని విడతలని లెక్క చూపించేటప్పుడు ఈ సంఖ్య కూడా పక్కన రాయాలి. ఒక విడత పెంచితే 16 కాస్తా 36 అవుతుంది. ఉన్న యంత్రం మీదే, ఉన్న సిబ్బందితోనే మరో షిఫ్టు నడిపి ఆ విడత అందించగలమా అన్నది ప్రతి జిల్లా ఆసుపత్రీ వేసుకోవలసిన ప్రశ్న. రోగి కూడా తన నెఫ్రాలజిస్టును అడగవచ్చు: నాకు ఎన్ని గంటలు, వారానికి ఎన్నిసార్లు, అంతకంటే పెంచడానికి వీలుందా అని.